పన్నెండు శిలాజాల పెట్టె: ఏది అసలు, ఏది అతుకు, ఇంట్లో ఎలా తేల్చుకోవాలి

పెట్టె తెరిచాక ముందు చదవాల్సింది అడుగున ఉన్న కార్డు. పన్నెండు గళ్లు, పన్నెండు పేర్లు, పక్కన కోట్ల ఏళ్లలో వయసులు. దేశం పేరు మూడింటికే ఉంది. ఊరు, రాతి పొర అయితే ఏ ఒక్కదానికీ లేవు. ఈ పెట్టెలో ఉన్న అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే. లోపల ఉన్న నకిలీ ముక్కకన్నా కూడా ఇది పెద్దది. ఎముకో, పన్నో, గవ్వో ఏ పొరలోంచి వచ్చిందో తెలిస్తే సగం గుర్తింపు అక్కడే అయిపోతుంది. అది తెలియనప్పుడు ఎంత మంచి లెన్సు పెట్టి చూసినా "ఏదో పెద్ద జంతువు" అనే మాట దగ్గరే ఆగిపోతాం.

దాదాపు రెండున్నర వేల రూపాయలకు ఆన్‌లైన్‌లో దొరికే ఈ తరహా పెట్టెలు రకరకాల పేర్లతో వస్తాయి. సరుకు మాత్రం ఎక్కువగా మొరాకో, మడగాస్కర్ల నుంచి టోకున వచ్చేదే. అందుకే ఈ సమీక్ష ఏ ఒక్క దుకాణం గురించో కాదు. పెట్టె కొన్నవాళ్లు తమ ముక్కల్ని తామే పరీక్షించుకోవడానికి, కొనబోయేవాళ్లు ఆలోచించుకోవడానికి.

ముందు లెన్సు సంగతి. పెట్టెతో వచ్చే మడత లెన్సు మీద 30ఎక్స్, అంటే 30 రెట్లు పెద్దగా చూపుతుందని, చెక్కి ఉంది. ఇది నిజమో కాదో స్కేలుతో తేలిపోతుంది. 250 మిల్లీమీటర్లను రెట్లతో భాగిస్తే, వస్తువు లెన్సుకు ఎంత దూరంలో ఉన్నప్పుడు స్పష్టంగా కనబడాలో వస్తుంది. 30 రెట్లయితే సుమారు 8 మి.మీ. ఈ లెన్సులో రాయి 25 మి.మీ. దగ్గర స్పష్టపడుతోంది. అంటే ఇది 10 రెట్లది. శిలాజాలకు 10 చాలు, ఎక్కువైతే చూపు పరిధి కుంచించుకుపోయి చెయ్యి వణుకు కూడా పెద్దగా కనిపిస్తుంది. బాధేమిటంటే ఇందులో అంచులు మసకగా, చుట్టూ రంగుల గీతలతో కనిపిస్తున్నాయి. మూడు అద్దాలు కలిపి చేసిన 10 రెట్ల ట్రిప్లెట్ లెన్సులో ఈ బాధ ఉండదు. ఏ లెన్సునైనా కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని, రాయినే దగ్గరకు తెచ్చుకోవాలి. పేపరు చదివే భూతద్దంలా దూరంగా పట్టుకుంటే సగం చూపు పోతుంది.

పెట్టెలో లేనివి, మీరు సమకూర్చుకోవాల్సినవి: వెనిగర్ లేదా నిమ్మరసం, అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ ("అసిటోన్ ఫ్రీ" అని రాసి ఉన్నది పనికిరాదు), చెవులకు వాడే దూది పుల్లలు, ఉప్పు, ఒక స్టీలు చాకు, వీలైతే 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి. దొంగనోట్లు పట్టుకోవడానికి అమ్మే చౌక టార్చీల్లో చాలావరకు 395 నానోమీటర్లవి. వాటి ఊదా వెలుగే ముక్క అంతా పరుచుకుని, జిగురు వెలగడాన్ని కప్పేస్తుంది. టార్చి వెలుగు కళ్లలో పడనివ్వొద్దు. పరీక్షల వరుస కూడా ముఖ్యమే: ముందు చూపు, తర్వాత బరువు, తర్వాత టార్చి, ఆ తర్వాతే చుక్కలు. చుక్క ఎప్పుడూ వెనకవైపే.

ట్రైలోబైట్‌తో మొదలుపెడదాం (ఎప్పుడో అంతరించిపోయిన, పైపెంకు ఉన్న సముద్రపు జీవి ఇది), ఎందుకంటే మోసం ఎక్కువగా జరిగేది అక్కడే. మొరాకోలో అసలు ట్రైలోబైట్లు లెక్కలేనన్ని దొరుకుతాయి. అయినా రాతిలోంచి ఒక్కదాన్ని చెక్కి తియ్యడానికి గంటలు పడుతుంది కాబట్టి, ఒక మంచి నమూనాకి అచ్చు తీసి, రెజిన్‌లో రాతిపొడి కలిపి పోతపోస్తారు. లెన్సులో చూడాల్సినవి నాలుగు. ఒకటి, సూదిమొనంత గుండ్రటి గుంటలు: పోతలో చిక్కుకున్న గాలి బుడగలు పగిలితే మిగిలేవి అవే. రెండు, రాతిలో ఉన్న పగులు గీత శిలాజం మీదుగా కూడా వెళ్లిందా, లేక దాని అంచు దగ్గర ఆగి అవతలి నుంచి మళ్లీ మొదలైందా. ఆగితే ఆ జీవి తర్వాత అతికించినది. మూడు, పైపెంకు రంగుకీ చుట్టూ రాతి రంగుకీ తేడా. అసలుదానిలో పెంకు కాల్సైటు అనే ఖనిజం, చుట్టూ సున్నపురాయి. రెండూ ఒకే మెరుపుతో ఉండవు. నాలుగు, కళ్లు. కొన్ని రకాల ట్రైలోబైట్లకు కంటిలో వరుసలుగా పేర్చిన కాల్సైటు కటకాలు ఉంటాయి, 10 రెట్ల లెన్సుకే కనిపిస్తాయి. పోతలో అవి కరిగిన మైనంలా నున్నగా ఉంటాయి.

పెట్టెలోని ముక్కలో బుడగల గుంటలు ఉన్నాయి. అసిటోన్ తడిపిన దూది పుల్లతో వెనక రుద్దితే నల్ల రంగు దూదికి అంటుకుంది. టార్చి వెలుగులో అంచు చుట్టూ నీలి తెలుపు గీత వెలిగింది, అది జిగురు. ఇది పోతపోసిన బొమ్మ. ఒక మాట మాత్రం చెప్పాలి: జిగురు కనిపించినంత మాత్రాన అంతా నకిలీ అయిపోదు. చెక్కేటప్పుడు విరిగిన అసలు శిలాజాన్ని అతికించడం మామూలే, మ్యూజియంలలోనూ అంతే. అతికించినట్టు చెప్పి అమ్మితే అది మరమ్మతు, చెప్పకపోతే మోసం. ఈ కార్డు మీద ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

అమ్మోనైట్లు, అంటే లోపల గదులున్న చుట్టల పెంకుతో బతికి అంతరించిపోయిన సముద్రపు జీవులు, రెండూ అసలువే. పెద్దది మధ్యకు కోసి నునుపు చేసిన మడగాస్కర్ క్లియోనిసెరాస్, సుమారు 11 కోట్ల ఏళ్లది. కోసిన ముఖం మీద గదుల గోడలు, కొన్ని గదుల్లో కాల్సైటు స్ఫటికాలు కనిపిస్తాయి. ఇది అమ్మోనైటా, లేక ఇలాంటి గదుల పెంకుతో ఇప్పటికీ సముద్రంలో బతికున్న నాటిలస్ జాతిదా అన్నది ఇక్కడే నేర్చుకోవచ్చు. గదులన్నిటినీ కలుపుతూ సాగే సన్నటి గొట్టం అమ్మోనైట్‌లో చుట్టకు బయటి అంచు వెంట పోతుంది, నాటిలస్‌లో గది గోడ మధ్యలోంచి పోతుంది. గోడ పెంకును తాకే గీత అమ్మోనైట్‌లో ఆకు అంచులా మెలికలు తిరిగి ఉంటుంది, నాటిలస్‌లో మెత్తటి వంపు మాత్రమే. మన ఇళ్లలో పూజించే సాలగ్రామాల్లో కనిపించే చక్రం కూడా ఇలాంటి అమ్మోనైట్ చుట్టే. నేపాల్‌లోని కాళీగండకీ నది నల్లరాతి గుండ్లలోంచి వస్తాయవి. పూజలో ఉన్నదాని మీద ఈ చుక్కల పరీక్షలేవీ వద్దు, లెన్సుతో చూస్తే చాలు.

చిన్న అమ్మోనైట్ బంగారు రంగులో ఉంటుంది. అది పైరైటు, ఇనుము గంధకం కలిసిన ఖనిజం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పైరైటు ఆక్సిజన్‌తో కలిసి గంధకికామ్లంగా, ఇనుప సల్ఫేటుగా మారుతుంది. ముందు తెల్లని, పచ్చని పొడి, తర్వాత గంధకపు వాసన, చివరికి ముక్క పగిలి పక్కనున్న అట్టపెట్టెను కూడా తినేస్తుంది. నీళ్లతో కడగకండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు, మిగతా ముక్కలకు దూరంగా పెట్టండి. కార్డు మీద "గోరువెచ్చని నీటితో శుభ్రం చేయండి" అని అన్నిటికీ కలిపి ఒకే సూచన ఇచ్చారు. ఈ ముక్కకు అది ప్రాణాంతకం.

"ఆర్థోసెరాస్" అని రాసి ఉన్న నల్లరాతి ముక్క అసలు శిలాజమే, పేరే తప్పు. నిజమైన ఆర్థోసెరాస్ స్వీడన్, ఎస్టోనియా వైపు బాల్టిక్ ప్రాంతపు రాళ్లలో ఉంటుంది. మొరాకోలోని ఎర్ఫూద్ చుట్టుపక్కల తవ్వి నునుపు పట్టేవి దానికి దూరపు చుట్టాలైన నిటారు పెంకు నాటిలాయిడ్లు, అంటే నాటిలస్ తరహా జీవులు. తెల్లటి శిలాజం మీద వెనిగర్ చుక్క వేస్తే నురుగు వస్తుంది. అయితే చుట్టూ ఉన్న నల్లరాయి కూడా సున్నపురాయే కాబట్టి నురుగు ఒక్కటే ఏమీ తేల్చదు. లెన్సులో గది గోడల వంపు, మధ్య గొట్టం చూడాలి. కొన్ని ముక్కల్లో గోడలు సరిగ్గా కనబడక పనివాళ్లు చెక్కుడు గీతలు పెడతారు. ఆ గీతల్లో పనిముట్టు జాడలు సమానమైన లోతులో, సమాంతరంగా కనిపిస్తాయి.

పళ్ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. షార్క్ పన్ను ఓటోడస్‌ది. మొరాకోలోని ఖూరిబ్గా ఫాస్ఫేటు గనుల్లోంచి ఇవి కుప్పలుగా వస్తాయి. ప్రధాన మొనకు ఇరుపక్కలా చిన్న మొనలు, నున్నటి కిరీటం, గరుకు వేరు ఉన్నాయి, అసలుదే. పోతపోసిన పన్ను అయితే అంచు వెంట అచ్చు రెండు భాగాలూ కలిసిన సన్నటి గట్టు తగులుతుంది. మోససార్ (డైనోసార్ల కాలపు పెద్ద సముద్రపు సరీసృపం) పన్ను కూడా అసలుదే కానీ, దాని కింద ఉన్న "దవడ" మాత్రం ఇసుకలో జిగురు కలిపి చేసింది. అసిటోన్ చుక్క పడగానే ఇసుక రేణువులు ఊడి వచ్చాయి. అక్కడి గనుల్లో విడి పళ్లు చాలా దొరుకుతాయి, దవడ దొరకడం అరుదు, అందుకే దవడ తయారవుతుంది.

ఆంబర్, అంటే కోట్ల ఏళ్లలో గట్టిపడి శిలాజమైన చెట్టు బంక, దగ్గర కాస్త ఆగాలి. కార్డు మీద "ఆంబర్, మడగాస్కర్, 4 కోట్ల ఏళ్లు" అని ఉంది. ఆ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. 4 కోట్ల ఏళ్ల లెక్క బాల్టిక్ ఆంబర్‌ది. మడగాస్కర్ నుంచి బజారుకు వచ్చేది కోపాల్, అంటే మన గుగ్గిలం లాంటి చెట్టు బంక, భూమి వయసు లెక్కలో నిన్నటిది. తేల్చడానికి మూడు మెట్లు. మొదటిది ఉప్పు నీళ్లు: 200 మి.లీ. నీటిలో 50 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి ముక్క వెయ్యాలి. గాజు, బేకలైటు మునుగుతాయి. ఆంబర్ తేలుతుంది, అయితే కోపాల్ కూడా తేలుతుంది, పాలిస్టైరీన్ ప్లాస్టిక్ కూడా తేలుతుంది. కాబట్టి తేలింది కదా అని నిజమని అనుకోకూడదు, మునిగితే నకిలీ అని మాత్రం చెప్పొచ్చు. రెండోది అసిటోన్: వెనకవైపు ఒక చుక్క, అర నిమిషం ఆగి వేలితో తాకాలి. కోపాల్ వేలికి జిగటగా అంటుకుంటుంది, మంచి ఆంబర్ అంటుకోదు, పాలిస్టైరీన్ కరిగిపోతుంది. మూడోది లోపలి పురుగు. రెక్కలు చక్కగా విప్పుకుని సరిగ్గా నడిమధ్యన కూర్చున్న పెద్ద పురుగు కనిపిస్తే అనుమానించాలి. బంకలో చిక్కుకున్న ప్రాణి గింజుకుంటుంది. కాళ్లు విరిగి, చుట్టూ బుడగలు, చెత్త ఉంటాయి. ఈ పెట్టెలోది అసిటోన్‌కి జిగటయింది. కోపాల్. సూది కాల్చి గుచ్చే పరీక్ష చాలామంది చెబుతారు. అది ముక్కను పాడుచేస్తుంది, పై రెండూ అయ్యాక దాని అవసరమూ లేదు.

ఇక "డైనోసార్ ఎముక". బొటనవేలి గోరంత ముక్క. కొనేవాళ్లు ఎక్కువగా దీనికోసమే కొంటారు కాబట్టి, దీని గురించి నిజాయితీగా మాట్లాడటం మరీ అవసరం. ఎముకా, రాయా, రాతి చెక్కా (శిలగా మారిన చెట్టు చెక్క) అన్నది విరిగిన ముఖం మీద తేలుతుంది. ఎముకలో బయట దట్టమైన పట్టీ, లోపల బ్రెడ్డు ముక్కలా గదులు గదులుగా ఉంటుంది. దట్టమైన భాగంలో రక్తనాళాలు సాగిన సన్నటి రంధ్రాలు చుక్కల్లా కనిపిస్తాయి. చెక్కలో గొట్టాలన్నీ ఒకే దిశలో సాగుతాయి, వాటి మీద వార్షిక వలయాలు ఉండొచ్చు. పెట్టెలోని రాతి చెక్క ముక్కను పక్కన పెట్టుకుని చూస్తే ఈ తేడా పిల్లలకు కూడా ఒక్కసారికే అర్థమవుతుంది. పెట్టెలో మెచ్చుకోవాల్సిన విషయాల్లో ఇదొకటి. నాలుకకు అంటుకుంటే ఎముక అనే పాత చిట్కా చాలామందికి తెలుసు. సన్నటి రంధ్రాలు తడిని పీల్చుకోవడం వల్ల అంటుకుంటుంది. ఎవరు ఏం పూసి అమ్మారో తెలియని ముక్కను నాలుకకు పెట్టకండి, తడి వేలు చాలు. పైగా క్వార్ట్జుతో నిండిపోయిన ఎముక అసలు అంటుకోదు.

ఈ ముక్క ఎముకే, లెన్సులో గదులు తేటగా ఉన్నాయి. డైనోసార్‌దా అంటే చెప్పలేం, ఇంత ముక్క చూసి ఎవరూ చెప్పలేరు. ఎముకకు పేరు పెట్టేది కీళ్ల ఆకారం, కండరాలు పట్టిన గట్లు, వెన్నుపూస అంచులు. గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీలో జియలాజికల్ సర్వేకు చెందిన ధనంజయ్ మోహబే 1980లలో గుడ్లతో పాటు సేకరించిన ఎముకల్ని 1987లో డైనోసార్ పిల్లవిగా వర్ణించారు. 2001లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు జెఫ్రీ విల్సన్ ఆ వెన్నుపూసల మధ్య పాములకు ప్రత్యేకమైన అదనపు కీలు ఉందని గమనించారు. గూట్లో ఉన్నది డైనోసార్ పిల్లతో పాటు సుమారు మూడున్నర మీటర్ల పాము కూడా. 2010లో దానికి సనాజే ఇండికస్ అని పేరు పెట్టారు. అన్నీ ఒకే రాతి దిమ్మెలో, ఉన్నచోట ఉన్నట్టే మిగిలాయి కాబట్టే అది సాధ్యమైంది. ఆ ఎముకల్నే విడివిడిగా ఒలిచి పెట్టెల్లో పంచేసి ఉంటే ఆ పాము ఎప్పటికీ బయటపడేది కాదు.

గుడ్డు పెంకు ముక్క అసలుదే. లెన్సులో చిన్న బుడిపెలు, గాలి ఆడే రంధ్రాలు కనిపిస్తాయి, మందం అంతటా ఒకేలా ఉంది. గుండ్రంగా ఉన్న ప్రతి రాయీ గుడ్డు కాదు అని నేర్చుకోవడానికి ఇది మంచి ముక్క. పెంకు లేని గుండ్లు చాలావరకు మట్టి పొరల్లో ఖనిజం గడ్డకట్టినవే. కోప్రొలైట్, అంటే శిలగా మారిన పెంట, అంటూ పెట్టినది మాత్రం నమ్మదగ్గది కాదు. మెలికలు తిరిగి నున్నగా ఉన్నంత మాత్రాన పెంట అయిపోదు, ఖనిజపు గడ్డలు కూడా అలా తయారవుతాయి. విరిగిన ముఖంలో చేప పొలుసులో, ఎముక ముక్కలో, మొక్కల అవశేషాలో కనబడాలి. మహారాష్ట్రలోని పిస్దూరా కోప్రొలైట్లలో గడ్డిజాతి మొక్కల సిలికా కణాలు దొరికినట్టు 2005లో ప్రకటించారు. డైనోసార్ల కాలంలోనే గడ్డి ఉందని తెలిసింది అలాగే. ఈ ముక్కలో ఏమీ లేదు, ఇనుము తుప్పు రంగు తప్ప. క్రైనాయిడ్ (పువ్వులా కనిపించే సముద్రపు జీవి) కాండం బిళ్లలు అసలువి, మామూలువి, పిల్లల చేతికి ఇవ్వదగ్గవి.

లెక్క ఇలా తేలింది: ట్రైలోబైట్ పోత, దవడ కల్పితం, ఆంబర్ కోపాల్, కోప్రొలైట్ అనుమానం, ఆర్థోసెరాస్‌కు పేరు తప్పు, ఎముకకు పేరు అతి. మిగిలినవి బాగున్నాయి. ఐదుకు రెండున్నర మార్కులు. ఏదైనా విరిగితే ఫెవిక్విక్ వాడకండి. అది పచ్చబడి పెళుసవుతుంది, చెక్కుకుపోకుండా తియ్యడం కష్టం. మ్యూజియంలలో జిగురుగా వాడే పారలాయిడ్ బి-72 అనే ప్లాస్టిక్ పలుకుల్ని అసిటోన్‌లో కరిగించి వాడితే, కావాలనుకున్నప్పుడు అదే అసిటోన్‌తో విడదీసుకోవచ్చు.

ఎముకలంటే ఇష్టపడే పిల్లలున్న హైదరాబాద్ ఇళ్లకు ఈ పెట్టెకన్నా ముందు బిర్లా సైన్స్ మ్యూజియంలోని కోటాసారస్ అనే డైనోసార్‌ను చూపించమని చెబుతాను. భూపాలపల్లికి ఉత్తరాన యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో తవ్విన 840 ఎముకలు, కనీసం పన్నెండు జంతువులవి. 1988లో పి. యాదగిరి దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. జాతి పేరులో కోటా అనే రాతి పొర, రెండో మాటలో ఊరు, రెండూ ఉన్నాయి చూడండి. పుర్రె దొరకలేదు, రెండు పళ్లే దొరికాయి. కాబట్టి అక్కడ నిలబెట్టిన అస్థిపంజరంలో తల భాగం ఊహ మీద ఆధారపడినదే. ఏది దొరికింది, ఏది పూరించింది అని పిల్లల్ని అడుగుతూ చూపించండి.

గోదావరి, ప్రాణహిత వాగుల్లోనో కర్నూలు వైపు గుహల్లోనో ఎముకలాంటిది కనిపిస్తే పెకలించకండి. పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ పెట్టి, దగ్గరగా ఒకటి, చుట్టూ రాతి పొరలు కనిపించేలా దూరంగా ఒకటి ఫొటో తీసి, ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకుని హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే కార్యాలయానికి తెలపండి. తేలిగ్గా, జిడ్డుగా ఉండి మనిషిదేమో అని అనుమానం వస్తే అది పోలీసుల పని, ముట్టుకోవద్దు.

ఇదే డబ్బుకు మంచి ట్రిప్లెట్ లెన్సు ఒకటి, 365 టార్చి ఒకటి, వాటితో పాటు దొరికిన చోటు రాసిచ్చే అమ్మకందారు దగ్గర రెండు మూడు విడి ముక్కలు తీసుకోవడం మేలు. కొనేముందు నాలుగు అడగండి: ఏ ఊరి దగ్గర దొరికింది, ఏ రాతి పొర, ఎక్కడ అతికించారు, ఎక్కడ రంగు వేశారు. జవాబు వస్తే చిన్న చీటీ మీద రాసి ముక్కతో పాటే డబ్బాలో వెయ్యండి. చీటీ తడిసి ఊడిపోవచ్చు కాబట్టి, ముక్క వెనకవైపు పారలాయిడ్ చిన్న పూత పూసి, ఆరాక దాని మీద సన్నటి పెన్నుతో నంబరు వేసి, అదే నంబరు నోటుపుస్తకంలోనూ రాసుకోండి.